పర్లాకిమిడి వైపు ఇరవై గొర్రెలకి ఏ జాతి మంచిది? నెల్లూరు జోడిపి, గంజాం, కేంద్రపడా మీద నా రివ్యూ

మొత్తం చదివే ఓపిక లేనోళ్ళకి ముందే చెప్పేస్తున్నా. ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు రెండు మూడెకరాల పొలం ఉండి ఇంట్లో చూసుకోడానికి ఇద్దరు మనుషులున్న రైతు ఇరవై గొర్రెలు పెట్టుకోవాలంటే గంజాం ఆడగొర్రెలు తీసుకోండి, వాటికి ఒక గంజాం పొట్టేలు, మంద కుదురుకున్నాక అమ్మకం పిల్లల కోసం ఒక నెల్లూరు జోడిపి పొట్టేలు. మంద మొత్తం నెల్లూరువే తెచ్చి పెట్టేద్దాం అనుకునే వాళ్ళు మాత్రం కింద దాకా చదవండి, ఎందుకంటే ఈమధ్య మా చుట్టుపక్కల ఊళ్ళల్లో అందరూ చేస్తున్నది అదే, వానాకాలం దాటేసరికి కొట్టాలు ఖాళీ అవుతున్నదీ వాళ్ళవే.

ఏటంటే ఫోన్లో వీడియోలన్నీ పల్నాడు, ప్రకాశం, అనంతపురం వైపు తీసినవి. ఎర్ర నేల, ముళ్ళ తుప్పలు, పొద్దంతా ఎండ, గొర్రె కాలికి తడి తగలదు. మనకి అలాక్కాదు కదా, ఒక పక్క మహేంద్రతనయ, ఇంకో పక్క వంశధార, మధ్యలో వరి మడులు, జూన్ నుంచి అక్టోబర్ దాకా గట్టు కూడా మెత్తగానే ఉంటాది. ఆ పైన తుపాన్లు. 2018 అక్టోబర్లో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి మనుషులే పోయారు, గొర్రెలూ మేకలూ కూడా చాలా కొట్టుకుపోయాయి. కాబట్టి ఇక్కడ గొర్రె కొనేటప్పుడు మొదటి ప్రశ్న ఎంత ఎత్తుంది అని కాదు, నాలుగు నెలలు తడిలో నిలబడగలదా అని.

ఉన్ని గొర్రెల సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. మహారాష్ట్ర, తెలంగాణ వైపు నల్ల దక్కనీ గొర్రెలు ఉంటాయి, గొంగళ్ళు నేస్తారు, మంచి గొర్రెలే, కానీ మన వానకి ఆ ఉన్ని తడిసి ఆరదు, పైగా కత్తిరించే మనిషి దొరకడు, కత్తిరించినా కొనేవాడు లేడు. అమెరికాలో కూడా కటాదిన్, సెయింట్ క్రోయ్ లాంటి వెంట్రుక గొర్రెలు అంతగా పాకడానికి ఒక కారణం ఇదే, ఉన్ని డబ్బులు కత్తిరింపు కూలికే చాలడం లేదు. మనకి ఆ గొడవ లేదు, ఇటు కోస్తా అంతా ముందునుంచీ పొట్టి వెంట్రుక గొర్రెలే.

ఇప్పుడు నెల్లూరు జోడిపి. అందం అంటే ఇదే, అందులో నాకు రెండో మాట లేదు. మన దేశం గొర్రెల్లో ఎత్తైన జాతి, పొడవు కాళ్ళు, వేలాడే పెద్ద చెవులు, తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ మూతి దగ్గిర కింది దవడ దగ్గిర నల్ల మచ్చలు, చాలా వాటికి మెడ కింద లోలకులు. నెల్లూరులోనే మూడు రకాలు, పూర్తి తెల్లది పల్ల, నల్ల మచ్చలది జోడిపి, ఎర్రది దొర. సంతకి తోలుకెళ్తే ముందు దాన్నే చూస్తారు, బక్రీదుకి ముందు పెద్ద పొట్టేలుకి అడిగినంత వస్తాది. పిల్ల కూడా తొందరగా ఎదుగుతాది, మూడు నెలలకి తల్లి దగ్గిర పాలు మాన్పించే టైముకి గంజాం పిల్ల పక్కన నిలబెడితే తేడా కంటికి కనిపిస్తాది.

మరి ఇబ్బంది ఎక్కడంటే కాలి దగ్గిర. మా మందలో రెండు రకాలూ ఒకే కొట్టంలో ఉండేవి, ఒకే మేత, ఒకే మందు. ఆగస్టు వచ్చేసరికి జోడిపి ఆడవి ముందు కాళ్ళ మోకాళ్ళ మీద కూర్చుని మేసేవి. గిట్టల మధ్య చర్మం తెల్లగా ఉబ్బి, వేలితో విడదీస్తే కుళ్ళు వాసన. ఒకసారి ఆ వాసన చూస్తే మళ్ళీ మర్చిపోరు. గిట్ట నొప్పి ఉన్న గొర్రె మేతకి నడవదు, మేయనిది పాలివ్వదు, పాల్లేని తల్లి దగ్గిర పిల్ల బతకదు, అన్నీ ఆ గిట్ట దగ్గిరే మొదలవుతాయి. గంజాం వాటికి అస్సలు రాలేదని చెప్పను, వచ్చినవి తక్కువ, వచ్చినా గిట్ట చెక్కి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్ళల్లో నిలబెడితే వారం తిరక్కుండా మందలో కలిసిపోయేవి. మైలుతుత్తం అన్నాను కాబట్టి ఒక మాట, ఆ నీళ్ళు గొర్రె తాగకుండా చూడండి, తాగితే ప్రాణం పోతాది, రాగి గొర్రెకి విషమే, ఆవులకి పెట్టే మినరల్ మిక్చర్ గొర్రెలకి పెట్టొద్దని డాక్టర్లు చెప్పేది కూడా అందుకే.

రెండోది నీలి నాలుక. వానలు తగ్గుతున్నప్పుడు చిన్న చిన్న ఈగలు కుట్టి వస్తాది, మూతి వాచి, నోట్లో పుళ్ళు, జొల్లు, ముక్కు కారడం, కుంటడం. 1998లో ఆంధ్రాలో పెద్దగా వచ్చి మందలకి మందలు దెబ్బతిన్నాయి, అప్పటి గొల్లలు ఇప్పటికీ చెప్తారు. టీకా ఉంది, వానలకి ముందే వేయించాలి. ఇంకోటి, నెల్లూరు గొర్రె ఎక్కువగా ఒక్క పిల్లనే ఈనుతాది. పెద్ద ఒళ్ళు, దానికి తగ్గ తిండి, పిల్ల మాత్రం ఒకటి. మేత కొని పెట్టే చిన్న రైతుకి ఈ లెక్క కలిసిరాదు. బీడు భూములు కిలోమీటర్ల కొద్దీ ఉన్న చోట ఆ పొడవు కాళ్ళకి అర్థం ఉంది, ఎంత దూరమైనా నడిచి మేసొస్తాది, మన దగ్గిర పంట ఉన్నన్నాళ్ళూ గట్టు దిగనివ్వరు కదా, నడవడానికి చోటేది?

నెల్లూరు జోడిపి, మంద మొత్తంగా: 5కి 2. ఒక్క పొట్టేలుగా: 5కి 4. ఆ తేడా ఎందుకో కింద చెప్తా.

గంజాం గొర్రె. పేరులో ఉన్నట్టే మన గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు గొర్రె, సర్కారు లెక్కల్లో కూడా నమోదైన జాతి, కానీ మా వాళ్ళు దాన్ని నాటుది అని తీసి పారేస్తారు, అదే నాకు బాధ. గోధుమ రంగు నుంచి ముదురు చింతపిక్క రంగు దాకా ఉంటాది, కొన్నిటికి మొహం మీద తెల్ల మచ్చలు, మధ్యరకం చెవులు, సన్న తోక, పొట్టేలుకి కొమ్ములుంటాయి, ఆడదానికి ఉండవు. ఒంటి మీద పొట్టి వెంట్రుకలు, కత్తిరించే పని లేదు. ఆడది 25 కిలోల అటూ ఇటూ. చూడ్డానికి ఏముంది అంటే ఏమీ లేదు, నిజమే. కానీ జీడిమామిడి తోటల కింద రాలిన ఆకు, తుప్ప, గట్టు గడ్డి, కోసిన తర్వాత వరి మొదళ్ళు, ఏది దొరికితే అది మేస్తాది, పొద్దున్న చినుకుల్లో కూడా మేత ఆపదు.

నాకు దీన్ని నేర్పింది మా ఊరి పక్క గొల్ల పెద్దాయన ఒకాయన. సంతలో ఆడగొర్రెని చూపించి బేరం అడిగితే ఆయన మొహం వైపు చూడనే లేదు, వెనక నుంచి పట్టి కూర్చోబెట్టేశాడు, నాలుగు కాళ్ళ గిట్టలూ ఒక్కోటి వేలితో విడదీశాడు, తర్వాత పొదుగు కింద చెయ్యి పెట్టి రెండు చన్నులూ నొక్కి చూశాడు, గట్టిగా గడ్డలా ఉంటే దించేసేవాడు. ఆ తర్వాత కింది కనురెప్ప తిప్పాడు. లోపల ఎర్రగా ఉంటే సరే, తెల్లగా పాలిపోయి ఉంటే పొట్టలో రక్తం పీల్చే నట్టలున్నట్టు. ఆఖరికి పళ్ళు. "బాబూ, మొహం చూసి కొంటే మొహమే మిగుల్తాది, కాళ్ళూ పొదుగూ చూసి కొను" అన్నాడు. ఆ కనురెప్ప చూసే పద్ధతికి దక్షిణాఫ్రికాలో రంగుల కార్డు తయారుచేశారు, ఎరుపు నుంచి తెలుపు దాకా ఐదు మెట్లు, దాన్ని బట్టి ఏ గొర్రెకి మందు పొయ్యాలో ఏదానికి అక్కర్లేదో తేలుస్తారు. మన పెద్దాయన కార్డు లేకుండానే చూస్తున్నాడు.

పళ్ళ లెక్క తెలియని వాళ్ళకి: అన్నీ పాలపళ్ళే ఉంటే ఏడాది లోపు, రెండు పెద్ద పళ్ళు వస్తే ఏడాది నుంచి ఏడాదిన్నర, నాలుగైతే రెండేళ్ళ చుట్టూ, ఎనిమిదీ నిండితే నాలుగేళ్ళ దగ్గిర. నేనైతే నాలుగు పళ్ళది, ఒక ఈత ఈనినది తీసుకోమంటాను. దానికి పాలున్నాయో లేదో, పిల్లని దగ్గిరకి రానిస్తాదో లేదో తెలిసిపోయి ఉంటాది. మొదటిసారి ఈనే రెండు పళ్ళవి ధర తక్కువ అని ఇరవై తెచ్చుకుంటే మొదటి ఈతలో అన్నీ ఒకేసారి ఈనుతుంటే చూసుకోలేరు.

గంజాం ఆడగొర్రె: 5కి 4న్నర. ఆ అర ఎందుకు తీశానంటే ఎదుగుదల నిదానం, అమ్మకం బరువు రావడానికి ఎక్కువ నెలలు పెంచాలి.

ఆ అరని పూడ్చడానికే నెల్లూరు పొట్టేలు. ఎలాగంటే గంజాం ఆడదాని మీద జోడిపి పొట్టేలుని వదిలితే పిల్ల తండ్రి ఎత్తు కొంత పట్టుకుంటాది, తల్లి మాత్రం మన వానకి అలవాటైనదే, తిండి కూడా తల్లి తినేంతే. ఆ పిల్లల్ని మగైనా ఆడైనా అన్నీ అమ్మేయడమే, మందలో ఉంచకూడదు, ఉంచుకుంటూ పోతే నాలుగేళ్ళకి మళ్ళీ మొత్తం నెల్లూరు మందే అవుతాది, ఆ గిట్టల గొడవ మళ్ళీ ఇంటికొస్తాది. మంద పెంచుకోడానికి కావాల్సిన ఆడపిల్లలు గంజాం పొట్టేలుకి పుట్టినవే ఉండాలి. అందుకని మంచి తల్లులు ఏడెనిమిదింటికి మెడలో రంగు తాడు కట్టి గంజాం పొట్టేలు దగ్గిర వదలండి, మిగిలినవి జోడిపి దగ్గిర. ఇరవై ఆడవాటికి ఒక పొట్టేలు చాలు, రెండు ఉంచితే విడివిడిగా కట్టే చోటుండాలి, లేకపోతే కొట్టుకుంటాయి. ఇంకో జాగ్రత్త, మొదటి ఈత గంజాం గొర్రెని పెద్ద పొట్టేలు దగ్గిరకి పంపొద్దు, పిల్ల పెద్దదై ఈనలేక తల్లి ఇబ్బంది పడతాది. రెండేళ్ళకోసారి పొట్టేలుని మార్చాలి, లేకపోతే తండ్రీ కూతుళ్ళు కలిసి పిల్లలు బలహీనంగా పుడతాయి. మా ఊళ్ళో ఈ చివరిది ఎవరూ పట్టించుకోరు, అక్కడే మందలు చితికిపోతున్నాయి.

కేంద్రపడా గొర్రెలు మా తోడల్లుడు వాళ్ళింట్లో ఉన్నాయి, అక్కడ చూసి, పిల్లల్ని పెంచి చెప్తున్నాను. అటు కేంద్రపడా, జగత్‌సింగ్‌పూర్, పూరీ కోస్తాలో ఉండే చిన్న గొర్రె ఇది, అక్కడ కుజీ అంటారు. 20 కిలోల చుట్టూ ఉంటాది, పొట్టి కాళ్ళు, గుండ్రటి ఒళ్ళు. దీని గొప్పతనం కవలలు. ఎక్కువ ఈతల్లో రెండు, అప్పుడప్పుడు మూడు. ఇది తిండి వల్ల వచ్చింది కాదు, రక్తంలో ఉంది, ఎఫ్ఈసీ-బీ అనే జీన్. ఇదే జీన్ ముందు ఆస్ట్రేలియా బూరూలా మెరినో గొర్రెల్లో కనిపెట్టారు, తర్వాత తీరా వెతికితే అది మన బెంగాల్ సుందర్బన్ గారోల్ గొర్రెల నుంచి 1790ల్లో ఓడల్లో అక్కడికి వెళ్ళినదని తేలింది. గారోల్ తర్వాత మన దేశంలో ఆ జీన్ దొరికిన రెండో జాతి కేంద్రపడా. మహారాష్ట్రలో ఫల్టణ్ దగ్గిర నింబ్కర్ వాళ్ళ సంస్థ గారోల్ జీన్నే దక్కనీ గొర్రెల్లోకి ఎక్కించి నారీ సువర్ణ అని ఒక రకం తయారుచేసింది, అక్కడి ధనగర్ కాపరుల మందల్లో కవలలు పెరిగాయి. అంత విలువైనది మన రాష్ట్రంలోనే ఇళ్ళ వెనక తిరుగుతోంది.

అయితే కవలలు అనగానే ఎగిరి గంతేయొద్దు. రెండు పిల్లలకి పాలు కావాలి, పాలకి తిండి కావాలి. ఈనడానికి నెలన్నర ముందు నుంచే ఆ తల్లికి తవుడు, వేరుశనగ చెక్క కలిపి రోజుకి పావు కిలో దాకా పెట్టకపోతే పిల్లలు కిలో కూడా లేకుండా పుడతాయి. మా తోడల్లుడి భార్య, మా మరదలు, ఈ పనిలో దిట్ట. పుట్టిన పిల్లని అరగంట లోపు లేపి, ముక్కు తుడిచి, ముర్రుపాలు నోట్లో పిండుతాది, రెండోది చిన్నదైతే దాన్ని ముందు తాగించి పెద్దదాన్ని అప్పటిదాకా చేత్తో ఆపుతాది. రాత్రి ఈనితే లాంతరు పెట్టుకుని కూర్చుంటాది. అలా చూసుకునే మనిషి ఇంట్లో ఉంటే ఐదారు కేంద్రపడా గొర్రెలు పది గొర్రెలంత ఫలితం ఇస్తాయి. లేకపోతే వద్దు. పొద్దున్న తోలి సాయంత్రం తోలుకొచ్చే మంద గొర్రె కాదు అది.

కేంద్రపడా: ఇంటి దగ్గిర పెంచుకునే ఆడవాళ్ళకి 5కి 4, పెద్ద మందకి 5కి 2న్నర.

డార్పర్ క్రాస్ అని అమ్మేవాళ్ళ గురించి కూడా అడుగుతున్నారు. డార్పర్ మంచి గొర్రే, దక్షిణాఫ్రికాలో 1930ల్లో డార్సెట్ హార్న్ పొట్టేలునీ నల్ల తల పర్షియన్ గొర్రెనీ కలిపి చేశారు, కండ బాగా పడతాది. కానీ మన దగ్గిరకొచ్చే క్రాస్ పిల్లకి కాయితం ఉండదు, తండ్రి ఎవరో చెప్పే రికార్డు ఉండదు, తల నల్లగా ఉంటే చాలు డార్పర్ అని మూడింతల ధర చెప్తారు. ఒక ఫారం వాళ్ళు మాకు అలాగే చూపించారు, తల్లిని చూపించమంటే ఇంకో షెడ్డులో ఉంది రేపు రండి అన్నారు. తల్లిని చూపించని పిల్లని ఎవరి దగ్గిరా కొనొద్దు, జాతి ఏదైనా సరే. రేటింగ్ ఇవ్వను, అసలైనది నా చేతికి రాలేదు.

ఇంక ఏ జాతి తెచ్చినా తప్పనివి కొన్ని. మేలో వానలకి ముందు చిటుకు రోగం టీకా, ఎందుకంటే తొలకరి పచ్చి గడ్డి మీద ఒక్కసారిగా పడి కడుపు నిండా మేసినవి తెల్లారేసరికి చచ్చి ఉంటాయి, అదీ మందలో బాగా బలిసిన పిల్లలే ముందు పోతాయి. పారుడు రోగం టీకా మూడేళ్ళకోసారి. బొబ్బ రోగానిది ఏడాదికోసారి. నట్టల మందు వానలకి ముందొకసారి, తర్వాతొకసారి, చూలు మొదటి నెలలో ఉన్నవాటికి ఏ మందు పొయ్యాలో డాక్టర్ని అడగండి. వరి మడుల్లో నత్తలుంటాయి కాబట్టి జలగ రోగం మనకి ఎక్కువ, దవడ కింద నీళ్ళ సంచిలా వాపు వస్తే అనుమానించాలి, దానికి మామూలు నట్టల మందు సరిగ్గా పనిచెయ్యదు, వేరే మందుంది. మడుల్లో నీళ్ళు నిలిచిన చోట మేపకపోవడం అన్నిటికన్నా మేలు. కొట్టం నేల మీద వద్దు, రెండడుగుల ఎత్తున చెక్క పట్టీలో వెదురు బద్దలో సందు వదిలి వేసుకోండి, తలకి పది చదరపు అడుగులు, ఎరువు కిందకి రాలిపోతాది, గిట్ట పొడిగా ఉంటాది. నా ఉద్దేశంలో జాతి తర్వాత ఎక్కువ ఖర్చు పెట్టాల్సింది ఈ నేల మీదే.

అమ్మకం విషయం జాతితోనే ముడిపడి ఉంది కాబట్టి అదీ చెప్తా. ఒడిశా వైపు హోటళ్ళకీ ఇళ్ళకీ మేక మాంసమే ఇష్టం, ఖాసీ (విత్తు కొట్టిన మేకపోతు) అంటే ధర పలుకుతాది, గొర్రె అంటే తగ్గించి అడుగుతారు. ఆంధ్రా వైపు పాతపట్నం, టెక్కలి దాటితే గొర్రెపోతుకి గిరాకీ బాగుంటాది. అందుకని మా పిల్లలు చాలామటుకు అటే పోతాయి, అక్కడ జోడిపి క్రాస్ పిల్లకి చూపు పడతాది, గంజాం పిల్లని బరువు మీదే కొంటారు. బరువు మీద అమ్మడమే మంచిది కూడా, వేలాడే కాటా ఒకటి కొనుక్కోండి, కంటి అంచనా బేరంలో ఎప్పుడూ వ్యాపారి కన్నే గెలుస్తాది.

సబ్సిడీ సంగతి అడిగేవాళ్ళకి: కేంద్రం నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్లో సగం సబ్సిడీ మాట నిజమే, కానీ అది 100 ఆడవి, 5 పొట్టేళ్ళ యూనిట్ నుంచి మొదలు. ఇరవై గొర్రెల వాడు దాన్ని చూసి వంద తెచ్చుకోవద్దు, ముందు రెండు వానాకాలాలు ఇరవైతో దాటించండి. కొనడం కూడా వానలయ్యాక, నవంబర్ తర్వాతే పెట్టుకోండి. వానలో నాలుగు నెలలు గడిపి వచ్చిన గొర్రె కాలు ఎలా ఉందో అప్పుడు సంతలోనే కనిపిస్తాది, పైగా కొత్త చోటికి అలవాటు పడడానికి దానికి ఎండు కాలం మొత్తం దొరుకుతాది. తెచ్చినవాటిని పాత మందలో కలపకుండా మూడు వారాలు విడిగా కట్టండి, ఆ మూడు వారాల్లోనే గిట్టలు చెక్కించి, టీకాలు వేయించేయండి.